క్వార్ట్జ్ క్రిస్టల్ మీద యాంటీబాడీ ఉండాల్సిన దానికి నాలుగింతల బరువు చూపిస్తోంది, ఎందుకు?

విడవలూరు_స్కాలర్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను నెల్లూరులో బయోటెక్నాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మా ఇంట్లో రొయ్యల గుంటలు ఉన్నాయి, నా టాపిక్ కూడా అటే పోయింది. వైట్ స్పాట్ వైరస్ పైపొరలో వీపీ28 అనే ప్రోటీన్ ఉంటుంది కదా, దానికి కుందేలులో తయారుచేసిన యాంటీబాడీ ఎంత గట్టిగా పట్టుకుంటుందో, ఎంత త్వరగా వదిలేస్తుందో కొలవాలి. దీనికి క్యూసీఎం, అంటే క్వార్ట్జ్ క్రిస్టల్ మైక్రోబ్యాలెన్స్, వాడుతున్నాను. ఊగే క్రిస్టల్ మీద బరువు పడితే దాని ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది, ఆ తగ్గుదలను బట్టి తూకం. మా దగ్గర ఆ మెషీన్ లేదు. వేరే ఊళ్ళో ఒక ల్యాబ్ వాళ్ళు స్లాట్ ఇస్తే బ్యాగులో ఐస్ ప్యాక్ పెట్టుకుని పొద్దున్నే రైలెక్కుతాను. అక్కడ మెషీన్ చూసుకునే ఆయనకు ఆన్ చేయడం, ఆఫ్ చేయడం, బిల్లు రాయడం వచ్చు. అంతకుమించి అడిగితే మాన్యువల్ చేతిలో పెడతారు.

నేను చేసింది ఇదీ. బంగారు పూత ఉన్న 5 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, 25 డిగ్రీలు, పీబీఎస్ అనే ఉప్పునీటి బఫర్, నిమిషానికి 50 మైక్రోలీటర్ల ఫ్లో. బేస్‌లైన్, అంటే ఉత్త బఫర్ పారేటప్పటి గీత, కుదిరాక యాంటీబాడీని నేరుగా బంగారం మీదికి పంపాను. స్టాక్‌ను వందింతలు పలచన చేశాను, మిల్లీలీటర్‌కు 50 మైక్రోగ్రాములు వచ్చేట్టు. ఫ్రీక్వెన్సీ 58 హెర్ట్జ్ పడింది. బఫర్‌తో కడిగితే 52 దగ్గర నిలిచింది. డిసిపేషన్, అంటే ఊగే శక్తి వృథా, రెండున్నర యూనిట్లు పెరిగింది. తర్వాత బీఎస్ఏ అనే మామూలు ప్రోటీన్‌తో ఖాళీలు కప్పి, వీపీ28 పంపితే 3 హెర్ట్జ్ మాత్రమే పడింది. అదీ నమ్మాలో వద్దో తెలియట్లేదు, ఎందుకంటే అంతసేపట్లో బేస్‌లైన్ దానంతటదే ఇంచుమించు అంత జారుతోంది.

నా తలనొప్పి ఇక్కడ. 5 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌కు ఒక్కో హెర్ట్జ్ చదరపు సెంటీమీటర్‌కు 17.7 నానోగ్రాములు అంటారు. 52 హెర్ట్జ్ అంటే 920 నానోగ్రాములు. యాంటీబాడీలు పక్కపక్కనే పడుకోబెట్టినట్టు పరుచుకుంటే పొర మొత్తం 200 నానోగ్రాముల దగ్గర తేలుతుందని నా లెక్క. మా గైడ్ గారు "మెషీన్ కాలిబ్రేషన్ పోయింది, వేరే ల్యాబ్ చూసుకో" అన్నారు. సీనియర్ ఒకాయన "నాలుగు పొరలు పడ్డాయని రాసెయ్" అన్నారు. రెండూ నాకు నచ్చలేదు. ఎవరైనా దీని మీద పనిచేసిన వాళ్ళుంటే చెప్పండి, వచ్చే స్లాట్ దగ్గరకొచ్చింది, టెన్షన్‌గా ఉంది.

కావలి_కెమిస్ట్రీ:

దీనికి కాంతితో కొలిచే ఎస్పీఆర్ పద్ధతి ఉండగా క్యూసీఎం ఎందుకు బ్రదర్? పట్టుకునే, వదిలే వేగాలు (కైనెటిక్స్) కావాలంటే అందరూ ఎస్పీఆర్‌కే పోతారు. నీ దాంట్లో నీళ్ళు కూడా తూకంలోకి వస్తాయి, అందుకే లెక్క కుదరట్లేదు. వీలుంటే మారిపో.

ఒంగోలు_అక్క:

తమ్ముడూ, ముందు ఊపిరి పీల్చుకో. మెషీన్ బాగానే ఉంది, నాలుగు పొరలూ పడలేదు. కావలి ఆయన కారణం సరిగ్గానే చెప్పారు. కానీ ఆ కారణానికి భయపడి మెషీన్ మార్చుకోమనడం మాత్రం నేను ఒప్పుకోను. నేను కొన్నేళ్ళు బయోసెన్సర్ల ల్యాబ్‌లో ఈ మెషీన్ ముందే కూర్చున్నాను, ఇప్పుడు ఒంగోలులో పాఠాలు చెప్పుకుంటున్నాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, చదువుకో.

మీ ఇంట్లో పట్టుబడి రోజు ఏం జరుగుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. వల నుంచి తీసిన రొయ్యల్ని అలాగే కాటా ఎక్కిస్తే కొనేవాడు ఊరుకోడు, క్రేటులో నీళ్ళు వాడేదాకా ఆగమంటాడు. క్వార్ట్జ్ క్రిస్టల్‌కు ఆ బేరం లేదు. తన మీద ఏది అతుక్కుని తనతోపాటు ఊగుతుందో దాన్నంతా తూస్తుంది, ప్రోటీన్‌తోపాటు ప్రోటీన్‌ను అంటిపెట్టుకున్న నీళ్ళనీ, ఒక అణువుకూ పక్క అణువుకూ మధ్య సందుల్లో ఇరుక్కున్న నీళ్ళనీ. యాంటీబాడీ వంటి పెద్ద ప్రోటీన్ పొరలో సగానికి పైన నీళ్ళే ఉండడం మామూలు.

ఈ పని ఎలా జరుగుతుందో ఒకసారి గుర్తు చేసుకో. క్వార్ట్జ్‌ను ఒక ప్రత్యేక కోణంలో, దాదాపు 35 డిగ్రీల 15 నిమిషాల్లో, పలచటి బిళ్ళగా కోస్తారు. దీన్ని ఏటీ కట్ అంటారు. ఆ కోణంలో కోస్తే గది ఉష్ణోగ్రత చుట్టుపక్కల క్రిస్టల్ ఫ్రీక్వెన్సీ వేడికి పెద్దగా చలించదు. 5 మెగాహెర్ట్జ్ బిళ్ళ మందం మిల్లీమీటర్‌లో మూడో వంతు. రెండు వైపులా బంగారు ఎలక్ట్రోడ్లు పెట్టి ఏసీ వోల్టేజ్ ఇస్తే పైముఖం ఒకవైపుకు, కిందిముఖం ఇంకోవైపుకు పక్కలకు జరుగుతూ సెకనుకు 50 లక్షల సార్లు ఊగుతుంది. వోల్టేజ్ పెడితే రాయి కదలడం, రాయిని నొక్కితే వోల్టేజ్ పుట్టడం అన్న ఈ గుణాన్ని క్యూరీ అన్నదమ్ములు 1880, 1881లలో బయటపెట్టారు. సావర్‌బ్రే అనే జర్మన్ శాస్త్రవేత్త 1959లో పొర బరువుకూ ఫ్రీక్వెన్సీ తగ్గుదలకూ నేరు సంబంధం ఉందని సూత్రం ఇచ్చాడు. నువ్వు వాడిన 17.7 అక్కడిదే.

ఆ సూత్రం పలచటి, గట్టి, సమంగా పరుచుకున్న పొర కోసం పుట్టింది. వాక్యూమ్‌లో లోహం పూత వేసేవాళ్ళకు అది దేవుడిచ్చిన వరం. మన ప్రోటీన్ నీళ్ళలో ఉంటుంది. క్రిస్టల్ ఒక ముఖానికి నీళ్ళు తగిలితేనే 5 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 700 హెర్ట్జ్ పడిపోతుంది, ఏ ప్రోటీనూ లేకుండానే. కనజావా, గోర్డన్ ఇద్దరూ 1985లో దీనికి లెక్క ఇచ్చారు: ద్రవం సాంద్రత, చిక్కదనం రెండింటి లబ్ధానికి వర్గమూలం. ఈ లెక్క గుర్తుపెట్టుకో, నీ మిగతా చిక్కులన్నీ ఇందులోనే ఉన్నాయి.

నీళ్ళు తూకంలోకి వస్తాయన్నది కళ్ళారా చూడాలంటే లిపిడ్ వెసికిల్స్‌తో, అంటే కొవ్వు బుడగలతో, ఒక ప్రయోగం ఉంది. సిలికా పూత క్రిస్టల్ మీదికి చిన్న చిన్న లిపిడ్ బుడగల్ని పంపుతారు. మొదట బుడగలు బుడగలుగానే వచ్చి అతుక్కుంటాయి, వాటి కడుపులో నీళ్ళతో సహా. ఫ్రీక్వెన్సీ బాగా కిందికి పోతుంది, డిసిపేషన్ పైకి లేస్తుంది. బుడగలు కిక్కిరిశాక ఒక్కసారిగా చిట్లి రెండు పొరల చదునైన పటలంగా పరుచుకుంటాయి. లోపలి నీళ్ళు వెళ్ళిపోతాయి. లిపిడ్ అక్కడే ఉన్నా ఫ్రీక్వెన్సీ పైకి వచ్చి 26 హెర్ట్జ్ తగ్గుదల దగ్గర ఆగుతుంది, డిసిపేషన్ దాదాపు సున్నాకు దిగుతుంది. స్వీడన్‌లో చామర్స్ యూనివర్సిటీ వాళ్ళు డిసిపేషన్ కూడా కొలిచే పద్ధతిని 1990లలో తయారుచేశాక ఈ గ్రాఫ్ పేపర్ మీదికి వచ్చింది. కొత్త మెషీన్ ముందు కూర్చున్న ప్రతిసారీ నేను ముందు ఇదే చేస్తాను. 26 దగ్గర ఆగితే మెషీన్ బాగున్నట్టు, నా చేతులూ బాగున్నట్టు. మీ గైడ్ గారికి కాలిబ్రేషన్ మీద అనుమానం ఉంటే ఈ గ్రాఫ్ తీసి చూపించు. మాటలతో గెలవలేవు.

ఇక నీ అంకెలు.

920 అనేది తడి బరువు. నీ 200 పొడి బరువు, అదీ యాంటీబాడీలన్నీ వెల్లకిలా పడుకున్నాయనుకుంటే. నిలబడితే అదే జాగాలో ఇంకా చాలా పడతాయి. నిజానికి కొన్ని పడుకుంటాయి, కొన్ని ఒరుగుతాయి, కొన్ని నిలబడతాయి. అంటే పొడి బరువే నువ్వనుకున్న దానికంటే ఎక్కువ, దాని మీద నీళ్ళు. నాలుగింతలు రావడంలో వింత లేదు. పొడి బరువు విడిగా కావాలంటే ఎస్పీఆర్ వంటి ఆప్టికల్ పద్ధతిలో అదే పొర వేసి చూడు, రెండింటి తేడా నీళ్ళు. అందుకే ఎస్పీఆర్‌కూ క్యూసీఎంకూ పోటీ పెట్టడం నాకు నచ్చదు. ఒకటి చెప్పనిది రెండోది చెబుతుంది.

డిసిపేషన్ రెండున్నర యూనిట్లన్నావు, అంటే పది లక్షల్లో రెండున్నర వంతులు. ఊగే శక్తి ఎంత వృథా అవుతోందో అది చెబుతుంది. పది హెర్ట్జ్‌కు ఒక యూనిట్ లోపు పెరిగితే పొర గట్టిదే అనుకుని సావర్‌బ్రే సూత్రంతో పని నడుపుకోవచ్చు. గీత గీసినట్టు ఉండే హద్దు కాదుగానీ నీది ఆ లోపలే ఉంది. మూడో, ఐదో, ఏడో ఓవర్‌టోన్‌లను, అంటే అసలు ఫ్రీక్వెన్సీకి అన్నేసి రెట్ల దగ్గర తీసిన కొలతల్ని, వాటి వాటి సంఖ్యతో భాగించి ఒకే గ్రాఫ్‌లో వెయ్యి. గీతలు ఒకదాని మీద ఒకటి పడితే నిశ్చింత. చీపురు పుల్లల్లా విడిపోతే పొర మెత్తనిది, అప్పుడు ఆ సూత్రం పక్కనపెట్టి, మెత్తదనాన్ని కూడా లెక్కలోకి తీసుకునే విస్కోఎలాస్టిక్ మోడల్ వాడాలి.

ఇప్పుడు 58 నుంచి 52కి ఎందుకొచ్చిందో అడుగుతాను. నీ యాంటీబాడీ స్టాక్ దేంట్లో ఉంది? సగం గ్లిసరాల్‌లో ఉంటే, వందింతలు పలచన చేసినా అర శాతం గ్లిసరాల్ మిగులుతుంది. ఆ కాస్త చిక్కదనానికే అయిదారు హెర్ట్జ్ పడుతుంది, కడిగితే తిరిగొస్తుంది. నీ ఆరు హెర్ట్జ్ యాంటీబాడీ ఊడిపోవడం వల్ల వచ్చినవి కాకపోవచ్చు. దాన్ని ఊడిపోయే వేగం అని థీసిస్‌లో రాశావో, వైవాలో పట్టుకుంటారు.

బేస్‌లైన్ జారడం సంగతి. చాంబర్ లోపల 25 డిగ్రీలు ఉంచడానికి ఏర్పాటు ఉంటుంది, కానీ బఫర్ సీసా బయట టేబుల్ మీద ఉంటుంది. నీళ్ళ చిక్కదనం ఒక డిగ్రీ వేడికి సుమారు రెండు శాతం తగ్గుతుంది. 700 హెర్ట్జ్ మీద వర్గమూలం లెక్క వేసుకో, డిగ్రీకి ఏడు హెర్ట్జ్ దాకా తేలుతుంది. నువ్వు వెతుకుతున్నది 3 హెర్ట్జ్! ఏసీ గాలి నేరుగా మెషీన్ మీద పడుతోందా, మధ్యలో కరెంట్ పోయి ఏసీ ఆగిందా చూసుకో. మన వైపు మే నెలలో నీ స్లాట్ ఎప్పుడిచ్చినా తెల్లవారుజామున మొదలుపెట్టు. బఫర్‌లోని గాలి ముందే తీసెయ్యి, లేకపోతే చాంబర్‌లో బుడగ చేరి డిసిపేషన్ పిచ్చెక్కినట్టు ఎగురుతుంది. వీలైతే ముందురోజు సాయంత్రమే బఫర్ పారించి రాత్రంతా వదిలెయ్యి.

చివరిగా ఆ 3 హెర్ట్జ్. ఒక్కో యాంటీబాడీకి రెండు చేతులు, బరువు లక్షన్నర డాల్టన్లు. వీపీ28 జెల్ మీద 28 వేల బరువున్నట్టు కనబడుతుంది, ఆ లెక్కే తీసుకుందాం. రెండు చేతులూ నిండితే 56 వేలు, అంటే యాంటీబాడీ సిగ్నల్‌లో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. 52 మీద 19 హెర్ట్జ్ రావాలి, నీకు 3 వచ్చింది. నేరుగా బంగారం మీద పడేస్తే యాంటీబాడీలు చేతులు కింద పెట్టుకుని పడతాయి, ఒంటి ఆకారం చెడినవీ ఉంటాయి. ముందు 'ప్రోటీన్ ఏ' (Protein A) అనే ప్రోటీన్‌ను పూతగా వేసి దాని మీద యాంటీబాడీ వెయ్యి. ప్రోటీన్ ఏ యాంటీబాడీ తోక భాగాన్ని పట్టుకుంటుంది, చేతులు పైకి తేలుతాయి. కుందేలు యాంటీబాడీకి అది బాగా అతుకుతుంది కూడా.

ఇంకో క్రిస్టల్ మీద వీపీ28తో ఏ సంబంధమూ లేని మామూలు కుందేలు యాంటీబాడీ పెట్టి అదే నడిపించు. ఆ కంట్రోల్ లేని గ్రాఫ్‌ను నేనైతే చూడను కూడా చూడను.

కావలి_కెమిస్ట్రీ:

అక్కా, ఒప్పుకుంటున్నా. ఆ గ్లిసరాల్ పాయింట్ నేను ఎక్కడా చదవలేదు.

విడవలూరు_స్కాలర్:

అక్కా, వెళ్ళి ట్యూబ్ మీద లేబుల్ చూశాను. యాభై శాతం గ్లిసరాలే. కాళ్ళు మొక్కాలి మీకు. ఇంకో సంగతి, నా వీపీ28ని ఈ.కోలైలో తయారుచేసి నికెల్ కాలమ్‌లో శుద్ధి చేశాను. అది ఇమిడజోల్‌లో, అంటే కాలమ్ నుంచి ప్రోటీన్‌ను దింపే రసాయనంలో, ఉంది, పీబీఎస్‌లో పలచన చేసి పంపాను. అదీ సమస్యేనా?

ఒంగోలు_అక్క:

సమస్యే. ఇమిడజోల్, ఉప్పు తేడా, ఏదైనా ద్రవం గుణం మార్చేస్తుంది, క్రిస్టల్‌కు అది ప్రోటీన్ అతుక్కున్నట్టే కనబడుతుంది. ఏ బఫర్ పారిస్తున్నావో అదే బఫర్‌లో రాత్రంతా డయాలసిస్ చెయ్యి, అంటే ప్రోటీన్‌ను సన్నపొర సంచిలో ఉంచి ద్రవం మార్చు. డయాలసిస్ బీకర్‌లో మిగిలిన బఫర్‌నే రన్నింగ్ బఫర్‌గా వాడు, పారబోయకు. యాంటీబాడీనీ అలాగే చెయ్యి.

వీపీ28తో ఇంకో తంటా ఉంది. దాని మొదటి భాగం నీళ్ళంటే గిట్టనిది, వైరస్ పొరలో గుచ్చుకునేది. పూర్తి ప్రోటీన్ తీసుకుంటే గుంపులు కడుతుంది. దాని స్ఫటిక నిర్మాణం తేల్చినవాళ్ళు కూడా ఆ ముక్క తీసేసే చేశారు, మూడేసి కలిసి ఉండడం చూశారు. నీది పూర్తిదా, కోసిందా? పూర్తిదైతే పంపే ముందు సెంట్రిఫ్యూజ్ చెయ్యి. గుంపులు వచ్చి పడితే గ్రాఫ్ ఎక్కడా ఆగకుండా కిందికి జారుతూనే ఉంటుంది, దాన్ని చూసి బ్రహ్మాండంగా అతుక్కుంటోందని మురిసిపోతారు.

అల్లూరు_గుంటలు:

అబ్బాయ్, అమ్మాయ్, మీ మాటలు సగం అర్థమయ్యాయి, సగం కాలేదు. నేను తొంభై నాలుగు, తొంభై ఐదులో టైగర్ రొయ్య వేసినవాణ్ణి. అప్పుడు వైట్ స్పాట్ వచ్చి నెల్లూరు జిల్లాలో గుంటలకు గుంటలు ఎండబెట్టుకున్నాం. 2009 తర్వాత వనామీ వచ్చింది, ఇప్పటికీ ఆ జబ్బు పేరు చెబితే నిద్ర పట్టదు. నాకు ఒక్కటే చెప్పండి. ఈ రాయి సెన్సర్ గుంట గట్టు మీద పెట్టుకుని రొయ్య రక్తం చుక్క వేస్తే జబ్బు ఉందో లేదో చెబుతుందా? ఇప్పుడు పీసీఆర్ రిపోర్ట్ కోసం శాంపిల్ పట్టుకుని ల్యాబ్‌ల చుట్టూ తిరుగుతున్నాం.

ఒంగోలు_అక్క:

బాబాయ్, ఉన్నదున్నట్టు చెబుతాను. చెప్పదు. కనీసం ఈ రూపంలో చెప్పదు. ఎవరైనా గట్టు మీద పెట్టే క్వార్ట్జ్ మెషీన్ అని అమ్మడానికి వస్తే డబ్బులివ్వొద్దు.

రొయ్య రక్తంలో ప్రోటీన్‌లో ఎక్కువ భాగం హీమోసయనిన్, రాగి ఉండే నీలం ప్రోటీన్. అది ఏ ఉపరితలానికైనా అతుక్కుంటుంది. పైగా రొయ్య రక్తం బయటికి తీయగానే గడ్డ కడుతుంది. క్రిస్టల్ వీటన్నిటినీ తూస్తుంది, వైరస్ ఏదో విడదీసి చెప్పదు. సరే, రక్తం లేకుండా వైరస్‌ను శుద్ధి చేసి పంపామనుకోండి. అక్కడ ఇంకో చిక్కు. క్రిస్టల్ ఊపు నీళ్ళలోకి దాదాపు 250 నానోమీటర్ల వరకే పోతుంది, ఆపైన ఉన్నది దానికి తెలియదు. వైట్ స్పాట్ వైరస్ పొడవు అంతకంటే ఎక్కువే ఉంటుంది. అంత పెద్ద వస్తువు యాంటీబాడీల వంటి మెత్తటి కాళ్ళ మీద నిలబడి వేరుగా ఊగితే, ఒక్కోసారి ఫ్రీక్వెన్సీ తగ్గడానికి బదులు పెరుగుతుంది కూడా. బరువు పడితే తేలికైనట్టు చూపించే కాటాను మీరు గట్టు మీద పెట్టుకోరు కదా.

జబ్బు ఉందో లేదో తేల్చడానికి ఇప్పటికీ పీసీఆరే. సీడ్ వేసేముందు చేయించడం మానొద్దు. మరి మా తమ్ముడి పని ఎందుకంటే, చుక్క వేస్తే గీత పడే స్ట్రిప్ టెస్ట్‌లు ఉంటాయి కదా, వాటికి మంచి యాంటీబాడీ కావాలి. గభాల్న పట్టుకుని, పట్టుకున్నది వదలనిది. పదిరకాల యాంటీబాడీల్లో అలాంటిది ఏదో ఎంచుకోవడానికి ఈ కొలత పనికొస్తుంది. మీ గట్టు మీదికి వచ్చేది స్ట్రిప్, దాని వెనక ల్యాబ్‌లో ఎక్కడో ఈ రాయి ఉంటుంది.

అల్లూరు_గుంటలు:

అట్లా చెప్పు తల్లీ. మోసం లేకుండా చెప్పావు. ఆ అబ్బాయికి శాంపిల్ రొయ్యలు కావాలంటే మా గుంటలకు రమ్మను, మందు కొట్టనివి ఇస్తాను.

సైదాపురం_పలుగు:

చర్చ మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మాది సైదాపురం. మా చుట్టూ మైకా, పలుగురాయి గనులే. తెల్లటి పలుగురాయి లారీలకు లారీలు పోతుంది. పలుగురాయి అంటే క్వార్ట్జే కదా, మరి ఈ సెన్సర్లకు మా రాయి వాడరా? ఒక్కో క్రిస్టల్ వేలల్లో ఉంటుందని విన్నాను, టన్ను లెక్కన అమ్ముకునే మాకు గుండె కొట్టుకుంటోంది.

ఒంగోలు_అక్క:

రసాయనం ఒకటేగానీ రాయిని నేరుగా కోసి వాడరండి. సెన్సర్ బిళ్ళ మొత్తం ఒకే స్ఫటికంగా ఉండాలి, లోపల పగుళ్ళు, బుడగలు, జంట స్ఫటికాలు ఉండకూడదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో రేడియోల కోసం బ్రెజిల్ నుంచి అలాంటి సహజ స్ఫటికాలు తెప్పించేవారు. తర్వాత పెంచడం నేర్చుకున్నారు. ఉక్కు ఆటోక్లేవ్‌లో కింద సహజ క్వార్ట్జ్ ముక్కలు వేసి, పైన సన్నటి విత్తన పలకలు వేలాడదీసి, క్షారం కలిపిన నీళ్ళు పోసి, మూడు వందల డిగ్రీలు దాటించి, భారీ ఒత్తిడిలో వారాల తరబడి ఉంచుతారు. కింది ముక్కలు కరిగి పైన పలకల మీద పేరుకుంటాయి. అంటే మంచి శుద్ధమైన రాయి మేతగా పనికొస్తుంది, సెన్సర్‌గా కాదు. ధరలో ఎక్కువ భాగం ఆ కోణం తప్పకుండా కోసి, అద్దంలా నునుపు చేసి, బంగారం పూయడానికే. మీ గనుల్లో ఆ మేతకు సరిపోయే శుద్ధత ఎక్కడైనా ఉందేమో జియాలజీ వాళ్ళు చెప్పాలి, నా చదువు అటు కాదు.

విడవలూరు_స్కాలర్:

అక్కా, స్లాట్ అయిపోయింది, వచ్చి రాస్తున్నా. ఈసారి ముందురోజు రాత్రే బఫర్ పారించి వదిలేశాను. బేస్‌లైన్ గంటకు ఒక హెర్ట్జ్ లోపే జారింది. ప్రోటీన్ ఏ వేస్తే 14 హెర్ట్జ్, దాని మీద యాంటీబాడీ 38. డయాలసిస్ చేశాను కదా, కడిగినా ఒక హెర్ట్జ్ కూడా తిరిగి రాలేదు. వీపీ28 పంపితే 9 హెర్ట్జ్! మామూలు కుందేలు యాంటీబాడీ ఉన్న కంట్రోల్ క్రిస్టల్ మీద 2. యాంటీబాడీ ముందుకంటే తక్కువే పడింది, వీపీ28 మాత్రం మూడింతలు వచ్చింది. ఓవర్‌టోన్‌లు దాదాపు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. గైడ్ గారు గ్రాఫ్ చూసి "ఊ" అన్నారు, ఆయన నోట అది పెద్ద మాటే.

ఇప్పుడు రెండు అనుమానాలు. రకరకాల గాఢతల్లో పంపి వేగాలు తీయాలంటే ప్రతిసారీ కొత్త క్రిస్టల్ పెట్టాలా? అన్ని కొనే డబ్బులు ఫెలోషిప్‌లో మిగలవు. గ్లైసిన్ ఆమ్లంతో కడిగి మళ్ళీ వాడొచ్చని చదివాను. రెండోది, ఈ గ్రాఫ్ వంపు నుంచి తీసిన వేగం నిజంగా యాంటీబాడీదేనా?

ఒంగోలు_అక్క:

శభాష్. 38లో పూర్తిగా నిండితే 14 రావాలి, కంట్రోల్ తీసేస్తే నీకు 7 వచ్చింది. సగం చేతులు పనిచేస్తున్నాయి. పాలీక్లోనల్‌కు, అంటే రకరకాల యాంటీబాడీల మిశ్రమానికి, అది మంచి పంటే, ఎందుకంటే కుందేలు రక్తంలోని యాంటీబాడీలన్నీ వీపీ28 కోసం పుట్టినవి కావు. యాంటీజెన్ కాలమ్ మీద శుద్ధి చేసిన యాంటీబాడీ అయితే ఇంకా పెరుగుతుంది. శుద్ధి చేశావా లేదా రాయలేదు.

గ్లైసిన్ సంగతి జాగ్రత్త. పీహెచ్ 2 దగ్గర గ్లైసిన్ వీపీ28ని వదిలిస్తుంది నిజమే, కానీ ప్రోటీన్ ఏ నుంచి యాంటీబాడీని కూడా వదిలిస్తుంది. యాంటీబాడీని కాలమ్ నుంచి దింపడానికి వాడేదే అది! నీకు రెండు దారులు. ప్రతి రౌండ్‌కు గ్లైసిన్‌తో మొత్తం కడిగేసి, ప్రోటీన్ ఏ మీద కొత్త యాంటీబాడీ మళ్ళీ వేసుకో. యాంటీబాడీ ఖర్చవుతుంది, క్రిస్టల్ మిగులుతుంది, ప్రతిసారీ 38 దగ్గరే ఆగుతోందో లేదో చూసుకోవచ్చు. లేదంటే ప్రోటీన్ ఏకి యాంటీబాడీని రసాయనంతో కుట్టేసి, తర్వాత గ్లైసిన్ వాడు. కుట్టడంలో కొన్ని చేతులు పాడవుతాయి. నేనైతే మొదటిదే చేస్తాను.

ప్రయోగం అంతా అయ్యాక క్రిస్టల్ పారేయకు. అతినీలలోహిత కాంతి, ఓజోన్‌లో పది నిమిషాలు, తర్వాత అయిదు వంతుల నీళ్ళు, ఒక వంతు అమోనియా, ఒక వంతు హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి 75 డిగ్రీల్లో అయిదు నిమిషాలు, కడిగి నైట్రోజన్‌తో ఆరబెట్టి మళ్ళీ ఓజోన్. ఫ్యూమ్ హుడ్‌లోనే చెయ్యి, గాగుల్స్ పెట్టుకో. ఎవరైనా పిరానా, అంటే సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన ద్రావణం, వాడమంటే వినకు, నీ బ్యాగులో ఐస్ ప్యాక్ పక్కన సల్ఫ్యూరిక్ ఆమ్లం మోసుకెళ్ళే ఖర్మ నీకెందుకు.

రెండో అనుమానం అసలైనది. యాంటీబాడీ పట్టుకునే వేగం కంటే వీపీ28 ఉపరితలానికి చేరే వేగం తక్కువైతే, నువ్వు కొలిచేది పంపు వేగాన్ని. తేల్చుకోవడం తేలికే. అదే గాఢతను నిమిషానికి 50 మైక్రోలీటర్లతో ఒకసారి, 150తో ఒకసారి పంపు. వంపు ఏటవాలు మారితే ఇంకా రవాణా మీదే ఆధారపడి ఉన్నట్టు. అప్పుడు యాంటీబాడీని తక్కువ వెయ్యి, 38కి బదులు 15 దగ్గరే ఆపి పంపు వేగం పెంచు. సిగ్నల్ చిన్నదవుతుంది కానీ నమ్మదగినదవుతుంది. ఏటవాలు మారకపోతే హాయిగా నాలుగైదు గాఢతల్లో పంపి, ప్రతి వంపు నుంచి గమనించిన వేగం తీసి గాఢతకు ఎదురుగా గ్రాఫ్ గీయి. ఏటవాలు పట్టుకునే వేగం, గీత నిలువు అక్షాన్ని తాకే చోటు వదిలే వేగం. కడిగేటప్పుడు వదిలే వేగాన్ని నేరుగా కూడా తియ్యి, రెండూ దగ్గరగా వస్తున్నాయో చూడు. రాకపోతే చాలావరకు ఆ మూడేసి కలిసిన వీపీ28 ఒకేసారి రెండు మూడు చేతుల్ని పట్టుకుని వదలడం లేదన్నమాట. అప్పుడూ యాంటీబాడీని పలచగా వేయడమే మందు.

ముందు ఆ 50, 150 గ్రాఫ్ పెట్టు. డిసిపేషన్ గీతతో సహా పెట్టు, ఫ్రీక్వెన్సీ ఒక్కటే పెడితే నేను మళ్ళీ అడుగుతాను.

విడవలూరు_స్కాలర్:

శుద్ధి చేయలేదక్కా, సీరం నుంచి తీసిన మొత్తం ఐజీజీ, అంటే అన్ని యాంటీబాడీలూ కలిసినది. వచ్చే స్లాట్‌కి ముందు కాలమ్ మీద వేస్తాను. అల్లూరు బాబాయ్ గారూ, రొయ్యల కోసం ఆదివారం వస్తాను.